సంచిలో లిలిత్ కాగితంతో ఎల్లారెడ్డికి

నా మనవరాలు మౌనికకు ఆడపిల్ల పుట్టి మొన్న శనివారానికి ఇరవై రోజులు. మా దిక్కు ఇరవై ఒకటో రోజున బిడ్డను తొట్టెలో వేసి పండుగ చేస్తాం. అందుకని శనివారం పొద్దున్నే బీబీపేట నుంచి కామారెడ్డి మీదుగా ఎల్లారెడ్డికి బయలుదేరాను. రెండు బస్సులు, ఒక ఆటో, మధ్యలో కూర్చోవడం అంతా కలిపితే నాలుగు గంటలు. మామూలుగా అయితే రాసుకునేంత ప్రయాణం కాదు. కానీ ఆ రోజు నా సంచిలో దూరదేశం నుంచి వచ్చిన ఒక కాగితం ఉంది. పసిబిడ్డ ఉన్న ఇంటికి అలాంటివి పట్టుకుపోయేవాళ్లు నాలాగా దారి పొడుగునా వణకకూడదని ఇది రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి. తప్పులుంటే దిద్దుకొని చదవండి.

ముందు నా భయం ఎక్కడ మొదలైందో చెప్పాలి. మౌనిక తల్లి, అంటే నా బిడ్డ సుజాత, ఆరేళ్లుగా ఇజ్రాయెల్‌లో ఉంటోంది. అక్కడ తొంభై ఏళ్ల యూదు ముసలమ్మను చూసుకునే పని. తల్లి ఇక్కడ లేదు కాబట్టి మౌనిక మొదటి కాన్పు మా ఇంట్లోనే చేశాను. బాబు పుట్టాడు. ఎనిమిదో రోజున జ్వరంతో ఒళ్లు కాలింది. కామారెడ్డి ఆసుపత్రికి తీసుకుపోయాం. తొమ్మిదో రోజున పోయాడు. ఎల్లారెడ్డి నుంచి మౌనిక అత్తగారివాళ్లు వచ్చారు, ఏడ్చారు, పోయారు. నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ముల్లులా దిగింది. ఈసారి కాన్పు తామే చేసుకుంటామన్నారు. ఎందుకని నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. రెండేళ్లుగా ఆ జవాబును నా మనసే రోజుకొక రకంగా చెప్పుకుంటూ వచ్చింది.

పోయిన గురువారం పక్క ఊరి ఆయన ఒకరు సెలవు మీద వస్తూ సుజాత పంపిన పొట్లం తెచ్చి ఇచ్చాడు. చాక్లెట్లు, బిడ్డకు ఉన్ని టోపీ, నాలుగు మడతల మందపాటి కాగితం. కాగితం విప్పితే చుట్టూ తెలియని అక్షరాలు, పైన పిట్టల్లాంటి మూడు బొమ్మలు, నడుమ జుట్టు విరబోసుకున్న ఒక ఆడమనిషి, ఆమె కాళ్లకు బరువైన కడియాలు. ఫోనులో సుజాత మాట ఉంది. "అమ్మా, గా కాగితం మా ముసలమ్మ తన చేత్తోని రాసిచ్చింది. వాళ్లల్ల పసిబిడ్డ తొట్టెకు కడ్తరు. ఇరవై దినాలు దాటకముందే మౌనికకు ముట్టాలె. అండ్ల బొమ్మ ఉన్నామె కథ పెద్దగుంటది, నిమ్మళంగ చెప్త." ఆ నిమ్మళం రానే లేదు. శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం పొద్దుగూకే దాకా ఆ ఇంట్లో ఫోను ముట్టరు, పొయ్యి వెలిగించరు. వాళ్ల నియమం అది. సుజాత కూడా తన ఫోనును అల్మారాలో పెట్టేస్తుంది. యుద్ధపు సైరన్ల కాలంలో ఆ ఒక్క రోజు నేను ఎలా గడుపుతానో నాకే తెలుసు.

బొమ్మలో ఉన్న తల్లి ఎవరో తెలియకపోయినా ఊరికే ఎట్లా తీసుకుపోతాం? శుక్రవారం సాయంత్రం దేవుళ్ల పటాల ముందు ఆ కాగితం పెట్టి, ఆమె కాళ్లకు పసుపు రాసి, నుదుట కుంకుమ పెట్టి, ఊదుబత్తి వెలిగించి బెల్లం ముక్క పెట్టాను. దండం పెట్టుకొని, "ఏ దేశపు తల్లివో, నా మునిమనవరాలి ఇంటికి రా, తొట్టె దగ్గర కూర్చొని బిడ్డను చూసుకో" అని నోరారా పిలిచాను. ఈ పిలుపు సంగతి గుర్తు పెట్టుకోండి.

శనివారం ఆరున్నరకు బీబీపేటలో బస్సు ఎక్కితే ఏడున్నరకు కామారెడ్డి బస్టాండులో దిగాను. తొట్టెకు కట్టే వస్తువు దారిలో నేల మీద పెట్టకూడదని మా అమ్మ చెప్పేది. సంచిలో ఆ కాగితంతో పాటు బాలెంతకని శొంఠిపొడి డబ్బా, వెల్లుల్లి కారం, కొత్త తొట్టె గుడ్డ ఉన్నాయి. చెయ్యి గుంజుతోంది. బస్టాండు బయట ఇడ్లీ బండి దగ్గర నిలబడ్డాను. ప్లేటు ముప్పై రూపాయలు, చట్నీ వేడిగా ఉంటుంది, నాలాంటి పళ్లు లేనివాళ్లకు బాగుంటుంది. ఇడ్లీ వేసే ఆమె నన్ను చూసి, "సంచి కింద పెట్టి తినరాదా అవ్వా?" అంది.

"కింద పెట్టరాదు బిడ్డా."

"అయితే గిట్లియ్యి, మేకుకు తగిలిస్త. ఒక్క చేత్తోని ఎన్ని ఇడ్లీలు తింటవ్?"

మేకుకు తగిలించిన సంచి మీద నుంచి చూపు తిప్పకుండా రెండు ఇడ్లీలు తిన్నాను. మూడోది వదిలేశాను. ఎల్లారెడ్డి బస్సు ఎనిమిదిన్నరకు అన్నారు, తొమ్మిదికి కదిలింది. తాడ్వాయి, లింగంపేట మీదుగా పోతుంది. పోచారం చెరువు చూడబోయేవాళ్లు కూడా ఇదే బస్సెక్కి ఎల్లారెడ్డిలో మారతారట. శనివారం కాబట్టి అలాంటి గుంపు ఒకటి వెనక సీట్లలో గోల చేస్తూ కూర్చుంది. ముందు సీట్లలో కూర్చుంటేనే మనకు నిమ్మళం.

కండక్టరు ఆడమనిషి. నా ఒళ్లోని సంచిని చూసి, "అవ్వా, సీటు కింద పెట్టు, తొవ్వకు అడ్డమొస్తున్నది" అంది.

"కింద పెట్టరాదమ్మా."

"ఏం, పాము గిట్ల ఉన్నదా?" అని నవ్వి, "సరే, ఆధార్ కార్డు చూపియ్యి, జీరో టికెట్ కొడ్త" అంది.

ఆడవాళ్లకు ఈ బస్సులో టికెట్టు డబ్బులు లేవు గానీ కార్డు చూపించాలి. నా కార్డు సంచి అడుగున, శొంఠిపొడి డబ్బా కింద ఉంది. బస్సు ఊగుతోంది, డబ్బా తీస్తే గుడ్డ జారింది, గుడ్డను పట్టుకుంటే కాగితం జారి బస్సు నేల మీద విప్పుకొని పడింది. నా గుండె దానితోపాటే పడింది. పక్క సీటులోని అమ్మాయి వంగి తీసింది. పేరు రమ్య అని తర్వాత చెప్పింది. కామారెడ్డిలో ఫ్లెక్సీలు, టీషర్టులు అచ్చువేసే షాపులో పని, లింగంపేట దగ్గర అమ్మగారి ఊరు.

"ఏందవ్వా గిది, మంత్రం కాగితమా?"

ఆ మాటకు ముందు సీట్లలో ఇద్దరు వెనక్కి తిరిగారు. ముసలిదాని సంచిలో ఇలాంటి కాగితం దొరికితే బాణామతి, చేతబడి అంటారు. అట్లా అనుమానించి మనుషులను కొట్టిన సంగతులు నా చిన్నతనం నుంచీ వింటున్నాను.

"మంత్రం కాదు బిడ్డా! నా బిడ్డ ఇజ్రాయెల్ కెళ్లి పంపింది. మునిమనవరాలి తొట్టెకు కట్టాలె."

"ఏం రాసున్నదో చూద్దామా? ఫొటో కొడితే ఫోనే తెలుగుల చెప్తది."

వద్దు అనబోయి ఊరుకున్నాను. ఏం రాసుందో తెలుసుకోవాలని నాకూ ఉంది. రమ్య ఫోనును కాగితం మీద పట్టుకుంది. చేతిరాత కాబట్టి మొదటి వరుసలు ఏవేవో తలకిందులుగా వచ్చాయట. తర్వాతి వరుస మాత్రం తేటగా వచ్చింది. తనే చదివి వినిపించింది. "ఆదాము, హవ్వ. లిలిత్ బయటికి." చదివి నా వైపు తిరిగి కళ్లు పెద్దవి చేసింది.

"లిలితా! అవ్వా, గీమెను నేను ఎరుగుదునే! మా షాపుల టీషర్టుల మీద ఏస్తం. మస్తు అడుగుతరు పోరగాండ్లు. ఫోన్ల ఆటలల్ల రాణి ఈమె." ఫోనులో బొమ్మ చూపించింది. నల్లటి రెక్కలు, ఎర్రటి పెదవులు, తలమీద కొమ్ముల కిరీటం. నా కాగితంలోని ఆమెకూ ఈమెకూ విరబోసిన జుట్టు ఒక్కటే కలిసింది.

"దేవతేనా?" అన్నాను.

"దేవత కాదవ్వా, దయ్యం. కాని మంచిగుంటది." ఫోనులో ఏదో తెరిచి చదువుతూ పోయింది. "యూదుల కథలల్ల ఆదాముకు మొదటి పెండ్లాం అట ఈమె, హవ్వకన్న ముందటిది. ఇద్దరినీ ఒక్క మట్టితోనే చేసిండట దేవుడు. నా మాట వినాలె అన్నడట ఆదాము. నువ్వూ మట్టే, నేనూ మట్టే, నేనెందుకు వింట అని ఎగిరిపోయిందట."

"మంచి పని చేసింది" అంది ముందు సీటులోని ఆమె, వెనక్కి తిరగకుండానే. "మా ఇంటాయన గూడ గట్లనే అంటడు. నాకు రెక్కలు లేక పడి ఉన్న."

బస్సులో సగం మంది నవ్వారు. కండక్టరు కూడా నవ్వింది. నేను నవ్వలేదు. "ఎగిరిపోతే పోయింది. తొట్టె కాడ ఆమెకేం పని?" అని అడిగాను.

రమ్య ఫోను తెరను ఇంకొంచెం కిందికి జరిపింది. తర్వాత గొంతు తగ్గించి చదివింది. "పసిపిల్లల మీదికి వస్తదట. మొగపిల్లగాడైతే ఎనిమిది దినాల దాక, ఆడపిల్ల అయితే ఇరవై దినాల దాక ఆమెకు బలం ఉంటదట. గట్ల రాసున్నది అవ్వా, నాకేం తెల్వదు."

ఎనిమిది. మా బాబు ఒళ్లు కాలింది ఎనిమిదో రోజున. ఇవాళ ఈ బిడ్డకు ఇరవయ్యో రోజు. నిన్న సాయంత్రం నేను ఆమె కాళ్లకు పసుపు రాసి, మా బిడ్డ ఇంటికి రా, తొట్టె దగ్గర కూర్చో అని పిలిచాను. ఇప్పుడు ఆమెను ఒళ్లో కూర్చోబెట్టుకొని బస్సులో స్వయంగా తీసుకుపోతున్నాను.

"ఇంకేమున్నది బిడ్డా? చదువు, చదువు" అన్నాను. తాడ్వాయి దాటి అడవి పట్టాం. ఫోనులో ఒక సున్నా గుండ్రంగా తిరుగుతూనే ఉంది. "కింద ఇంకా మస్తున్నదవ్వా, కాని తెరుస్తలేదు" అని రమ్య రెండుమూడు సార్లు ఫోనును కిటికీ వైపు ఎత్తి చూసింది. లింగంపేట వచ్చేసింది. దిగుతూ నా భుజం మీద చెయ్యి వేసి, "భయపడకు. గిది ఆటలల్లది. ఇంటికి పోయినంక ఎవ్వరితోనన్న మిగిలింది చదివియ్యి" అంది. మంచి పిల్ల. కానీ ఆమె దిగిపోయాక ఆ సీటు ఖాళీగా ఉంటే, అక్కడ ఇంకెవరో కూర్చున్నట్టే అనిపించింది. నేను కిటికీ వైపు జరిగాను.

లింగంపేట నుంచి ఎల్లారెడ్డి ఎంతో దూరం లేదు. నాకు మాత్రం ఆ దారి తరగలేదు. సుజాతకు ఫోను చేస్తే మోగలేదు. మౌనికకు చేసి బాలెంతను భయపెట్టడం ఇష్టం లేకపోయింది. ఒక వంతెన మీద బస్సు నెమ్మదించినప్పుడు కాగితాన్ని కిటికీలోంచి వదిలేద్దామని చెయ్యి బయటికి పెట్టాను. గాలికి అది టపటపా కొట్టుకుంది. ఆ అక్షరాలు చూస్తే ఒక్కొక్కటీ వణుకుతూ ఉన్నాయి. తొంభై ఏళ్ల మనిషి వణికే వేళ్లతో, తను ఎన్నడూ చూడని బిడ్డ కోసం రాసింది. చెయ్యి లోపలికి తీసుకున్నాను. ఇంటికైతే పోతాను, గడప మాత్రం దాటను అనుకున్నాను.

పదిన్నరకు ఎల్లారెడ్డిలో దిగాను. బస్టాండు ముందే ఆటోలు ఉంటాయి. మౌనిక అత్తగారిల్లు ఊరి చివర, యాభై రూపాయలు అడిగాడు, నలభైకి వచ్చాడు. ఎక్కగానే, "తొట్టెల పండుగకా అవ్వా?" అన్నాడు.

"నీకెట్ల ఎరుక?"

"శొంఠి వాసన ఆటో అంత నిండింది గదా."

ఉండబట్టలేక, "దయ్యాలున్నయంటవా కొడుకా?" అని అడిగాను.

"ఆటోకు నెలనెలా కిస్తీ కట్టేటోనికి వేరే దయ్యాలు కనపడయి అవ్వా" అన్నాడు. ఇంకొక రోజైతే నవ్వేదాన్ని.

మౌనిక అత్త రాజవ్వ, నాకు వియ్యపురాలి వరుస, నన్ను వదినె అనే పిలుస్తుంది; అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతోంది. నన్ను చూసి చాట పక్కన పెట్టి, కాళ్లకు నీళ్లు తెచ్చింది. నేను గేటు దగ్గరే ఆగిపోయాను. సంచిని గేటు మీది ఇనుప ముల్లుకు తగిలించాను.

"లోపటికి రా వదినె. ఎండల ఏం నిలబడ్డవ్?"

"నేను రాను."

"ఏమైంది? మొఖం గట్లున్నదేంది? బస్సుల ఏమన్న పోగొట్టుకున్నవా?"

"బిడ్డ మంచిగున్నదా వదినె? పాలు తాగుతున్నదా? ఒళ్లు వెచ్చగ లేదు గదా?"

"గుమ్మడికాయ తీరుగున్నది. పొద్దటి సంది మూడుసార్లు నా మీద పోసింది. ముందుగాల నువ్వు లోపటికి రా."

ఇక ఆపుకోలేక మొత్తం చెప్పేశాను. పొట్లం, బొమ్మ, పసుపు, బెల్లం, బస్సులో రమ్య చదివింది, ఎనిమిది రోజులు, ఇరవై రోజులు. "ఆమెను నా నోటితోనే పిలిచిన వదినె. నన్ను కొట్టుండ్రి, తిట్టుండ్రి, గీ కాగితం మాత్రం గడప దాటనియ్యకుండ్రి" అని ఏడ్చాను.

రాజవ్వ సంచిలోంచి కాగితం తీసింది. ఎండకు పట్టి చూసింది. నేను రాసిన పసుపు ఎండి అట్ట కట్టి ఉంది. చీర కొంగుతో దాన్ని మెల్లగా తుడిచింది. తుడిచి, ముందు నవ్వొచ్చి ఆపుకుంది, తర్వాత ఆపుకోలేదు.

"ఇవి కడియాలా వదినె? మంచిగ చూడు. గొలుసు ఈ కాలుకెళ్లి ఆ కాలుకున్నది. సంకెళ్లు ఇవి! సంకెళ్లకు పసుపు పెట్టినవ్ గదనే!"

కళ్లద్దాలు పెట్టుకొని చూశాను. నిజమే. రెండు కాళ్లనూ కలిపి కట్టిన గొలుసు.

అప్పుడు లోపలి గదిలోంచి మౌనిక గొంతు వినిపించింది. "అమ్మమ్మా, గక్కడ నిలబడి ఏడుసుడేంది? అది కాపలా కాగితం! అమ్మ నాకు కథ అంత చెప్పింది." బాలెంత గడప దాటి రాకూడదు కాబట్టి లోపలి నుంచే అరిచి చెప్పింది, మేం గేటు దగ్గర నిలబడి విన్నాం. లిలిత్ ఎగిరిపోయాక దేవుడు ముగ్గురు దేవదూతలను పంపాడట. పైన పిట్టల్లా ఉన్నది వాళ్లేనట. వాళ్ల పేర్లు సేనోయ్, సన్సేనోయ్, సమంగలోఫ్. సముద్రం నడుమ ఆమెను పట్టుకున్నారట. వాపసు రమ్మంటే రానంది. "కాని ఒక్క మాట ఇచ్చింది అమ్మమ్మా. మీ ముగ్గురి పేర్లు యాడ కనపడ్తె ఆడ బిడ్డను ముట్ట అని ఒట్టు పెట్టుకున్నదట. గందుకే ఆ పేర్లు రాసి తొట్టెకు కడ్తరు. నీ బస్సుల పిల్ల సగమే చదివింది."

నా భయం కొంచెం దిగింది. అయినా పూర్తిగా దిగలేదు. "మరి నేను బొట్టు పెట్టి పిలిచిన గదా? పిలిచినంక రాకుంట ఉంటదా?"

దానికి జవాబు రాజవ్వ చెప్పింది. "వదినె, పిల్లలకు అమ్మవారు పోస్తే మనం ఏం జేస్తం? తిడ్తమా? పసుపు నీళ్లు చల్లి, బెల్లం పెట్టి, సల్లగ పోయిరా తల్లీ అని ఊరు దాటేదాక సాగనంపుతం. నువ్వు పిలిచినవ్, బొట్టు పెట్టినవ్, తినవెట్టినవ్. సాగనంపుడే మిగిలింది. పా, గదిగూడ చేద్దాం."

లోపలికి పోయి చెంబులో పసుపు నీళ్లు, వేపకొమ్మ, బెల్లం ముక్క తెచ్చింది. గేటు బయట నీళ్లు చల్లి, బెల్లం గోడ మీద పెట్టి, పక్కింటి మనిషితో మాట్లాడినట్టే మాట్లాడింది. "అమ్మా, శానా దూరం నుంచి వచ్చినవ్. నీ మొగనితోని నీకేం లొల్లో మాకెందుకు, నువ్వు జేసింది నీకు ఎరుక. మాట ఇచ్చినవట. ఆడదానివి, మాట మీద ఉండు. మా బిడ్డను సూడక్కర లేదు, మేం సూసుకుంటం. పోయిరా." నేను కూడా దండం పెట్టి, "నిన్న పిలిచింది నేనే, ఏమనుకోకు తల్లీ, పోయిరా" అన్నాను. వీధిలో ఎవరూ లేరు. ఒక కోడి వచ్చి బెల్లం వైపు చూసి పోయింది.

అప్పుడు గడప దాటాను. గుమ్మానికి వేపాకు కట్టి ఉంది. గది గోడ మీద బొగ్గుతో గీసిన గుండ్రటి గీత. తొట్టె కింద కొడవలి. మౌనిక నవ్వుతూ, "అక్కడి ముసలమ్మ వాళ్ల అమ్మ గూడ గోడకు బొగ్గు గీత గీసేదట, దిండు కింద ఇనుము పెట్టేదట. అమ్మ చెప్తే అత్తమ్మ నమ్మలే" అంది. రాజవ్వ ఆ కాగితాన్ని తొట్టె తాడుకు కొడవలికి సరిగ్గా పైన కట్టింది. పాప నిజంగానే గుమ్మడికాయలా ఉంది. ఒళ్లు చల్లగా ఉంది. పొట్ట మీద చెయ్యి పెట్టి చాలాసేపు చూశాను, ఊపిరి ఆడుతూనే ఉంది.

అన్నం తింటుండగా నా నోటి నుంచి వచ్చేసింది. "గీ కాగితం మొదటి బాబుకు ఉంటే బాగుండు."

రాజవ్వ ముద్ద ఆపింది. "రెండేండ్ల సంది గిదే మోస్తున్నవా వదినె? బాబుకు గుండెల లోపం పుట్టుకతోనే ఉన్నదని డాక్టరు చెప్పిండు గదా."

"నాకెవ్వరు చెప్పలే."

ఆమె మౌనిక వైపు చూసింది. మౌనిక తల వంచుకుంది. "అత్తమ్మ చెప్పమన్నది అమ్మమ్మా. నేనే చెప్పలేకపోయిన. బాబు పేరు ఎత్తితేనే నువ్వు వణుకుతుంటివి."

"నా ఇంట్ల పుట్టినా గదే అయ్యేది" అంది రాజవ్వ. "నీ మొఖం సూసి మాకు మాట రాలే, అంతే. ఈసారి గీడనే చేద్దాం అన్నది గూడ నేనే. మల్ల ఆ ఇరవై దినాలు నువ్వు నిద్ర లేకుంట కూసుంటవని."

నేను ఇన్నాళ్లూ దాన్ని శిక్ష అనుకున్నాను. వాళ్లు నాకు విశ్రాంతి ఇచ్చారు. కంచంలో అన్నం అలానే ఉంది, నాకు ఏడుపు వస్తూనే ఆకలి కూడా వేసింది. మారు అన్నం పెట్టించుకున్నాను.

ఆదివారం పొద్దున సుజాత ఫోను చేసింది. సంగతి విని నవ్వి నవ్వి, పక్కనున్న ముసలమ్మకు వాళ్ల భాషలో చెప్పింది. ఆమె నవ్వు కూడా వినిపించింది, పాత తలుపు తెరిచినట్టు. "అమ్మా, ఏమంటున్నదో ఎరుకేనా? వాళ్లల్ల ఏలియా అని ఒక ప్రవక్త ఉన్నడు. ఆపదల ఉన్నోళ్ల కాడికి ఏ వేషంలనన్న వచ్చి తొవ్వ చూపి పోతడట. పండుగనాడు ఆయన కోసం ఒక గిలాస నింపి తలుపు తీసి పెడ్తరు. బస్సుల నీ కాగితం చదివింది ఆయనే కావచ్చు అంటున్నది."

"జీన్స్ ప్యాంటు ఏసుకొని వచ్చిండా? లింగంపేటల దిగిండా?" అన్నాను. "వస్తే వచ్చిండు, సగం చదివి దిగిపోవుడేంది? మిగతాది గూడ చదవమను!" ఫోను అవతల ఇద్దరూ మళ్లీ నవ్వారు. నా బిడ్డ అంతగా నవ్వగా విని చాలా కాలమైంది.

పది గంటలకు పేరంటాళ్లు వచ్చారు. బిడ్డను తొట్టెలో వేసే సమయానికి నేను అలవాటుగా వెనక్కి, గోడ దగ్గరికి జరిగాను. రాజవ్వ అందరి ముందూ నన్ను చెయ్యి పట్టి లాగింది. "ఏడికి పోతున్నవ్ వదినె? నువ్వే వెయ్యాలె." పాపను నా చేతుల్లో పెట్టింది. రెండేళ్ల తర్వాత నా చేతుల్లో ఒక పసిబిడ్డ. వణుకుతాయనుకున్నాను, వణకలేదు. తొట్టెలో వేసి ఊపాను. పైన ముగ్గురు పిట్టల దూతలు, సంకెళ్ల ఆమె, కింద కొడవలి, అంతా కలిసి మెల్లగా ఊగాయి.

తిరుగు బస్సులో కూర్చొని ఆలోచించాను. లిలిత్ ఉందో లేదో నాకు తెలియదు. ఒకరికి ఆమె దయ్యం, రమ్య షాపులో టీషర్టు మీది రాణి, ముందు సీటులోని ఆమెకు రెక్కలున్న ఆడది. నాకు మాత్రం ఆమె మాట ఇచ్చిన మనిషిలా గుర్తుండిపోతుంది. సగం విన్న కథ నన్ను గంటన్నర చంపింది. సగం తెలిసిన సంగతి ఒకటి రెండేళ్లు చంపింది. రెండింటికీ మిగతా సగం ఒకే ఇంట్లో, ఒకే పూట దొరికింది. పోచారం చూద్దామని రాజవ్వ రెండు రోజులు ఉండమంది గానీ, ఇంటికి పోయి తలుపు వేసుకొని హాయిగా నిద్రపోవాలని ఉందన్నాను. ఆ రాత్రి నిజంగానే పడుకున్నాను, తెల్లారేదాకా మెలకువ రాలేదు.

ఈ దారిన పోయే ఆడవాళ్లకు ఒక్క మాట: ఆధార్ కార్డును సంచి అడుగున పెట్టకండి. నడుముకు కట్టుకునే చిన్న సంచిలో విడిగా పెట్టుకోండి. కండక్టరు అడిగితే వెంటనే తీయొచ్చు, మిగతా సామాను ఒళ్లో కదలకుండా ఉంటుంది.